పాల కేంద్రాల వారికి: పితికే చేతుల తిమ్మిరి గురించి ఒక బహిరంగ లేఖ

చిత్తూరు, తిరుపతి జిల్లాల పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, ఊరూరా పాల సేకరణ కేంద్రాలు నడిపే వారందరికీ,

నమస్కారం.

పొద్దున, సాయంత్రం మీ కేంద్రం ముందు పాలక్యాన్లతో నిలబడే వరుసను ఒకసారి గమనించండి. ఎవరో ఒకరు క్యాను కింద పెట్టి, చెయ్యి వేలాడేసి, గట్టిగా విదిలించుకుంటూ కనిపిస్తారు. పాత పాదరసం థర్మామీటరును విదిలించినట్టే ఉంటుంది. అడిగితే "తిమ్మిరి పట్టింది లేన్నా, అదే పోతుంది" అంటారు. రాత్రి రెండు గంటలప్పుడు కూడా అదే చెయ్యి నిద్ర లేపి కూర్చోబెడుతోందని మాత్రం చెప్పరు. అడిగేవాళ్లు లేరు గనుక.

దీనికి వైద్యంలో కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అని పేరు. మణికట్టు దగ్గర నరం నలగడం అని చెప్పుకుంటే సరిపోతుంది. మేము తిరుపతిలో ఎముకలు, నరాలు, ఫిజియోథెరపీ విభాగాల్లో పనిచేసేవాళ్లం. ఆరోగ్యాధికారులకు రాయాల్సిన లేఖ మీకు ఎందుకు రాస్తున్నామంటే, ఈ జబ్బు తొలిదశలో కొన్ని వందల రూపాయల మణికట్టు పట్టీకే చాలామందిలో లొంగుతుంది, ఏళ్లు ముదిరాక ఆపరేషన్ చేసినా పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఆ తొలిదశలో వాళ్లు ఆసుపత్రికి రారు. మీ దగ్గరికి మాత్రం రోజుకు రెండుసార్లు వస్తారు.

ముందు లోపల ఏం జరుగుతుందో చెబుతాం. మణికట్టుకు అరచేతి వైపున ఒక ఇరుకు దారి ఉంటుంది. అడుగున, పక్కల ఎనిమిది చిన్న ఎముకలు తొట్టిలా అమరి ఉంటాయి. పైన మందమైన లిగమెంటు, అంటే ఎముకను ఎముకతో కలిపే గట్టి పట్టీ, మూతలా కప్పి ఉంటుంది. ఈ దారిలోంచి వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు (కండను ఎముకకు కలిపే తాళ్లు), వాటితో పాటు మీడియన్ అనే నరం వెళ్తాయి. ఎముక సాగదు, లిగమెంటు కూడా సాగదు. స్నాయువుల చుట్టూ ఉండే పొర కాస్త వాచినా, ఒంట్లో నీరు చేరినా, ఆ ఒత్తిడి అంతా మెత్తగా ఉండే నరం మీదే పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న చేతిలో, మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు, ఈ దారిలో ఒత్తిడి పాదరసం కొలతలో 10 మిల్లీమీటర్ల లోపే. మణికట్టును లోపలికి గానీ వెనక్కి గానీ బాగా వంచితే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. 30 దగ్గరికి చేరి అక్కడే నిలిచిపోతే నరానికి రక్తం అందడం తగ్గుతుంది. తిమ్మిరి అంటే అదే, నరం రక్తం కోసం పెట్టే కేక.

రాత్రిపూట ఎందుకు ఎక్కువవుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. పడుకున్నప్పుడు చెయ్యి తల కిందో చెంప కిందో మడతపడి గంటల తరబడి అలాగే ఉంటుంది. పగలంతా కాళ్లలోకి దిగిన నీరు పడుకోగానే చేతులకూ సర్దుకుంటుంది. లేచి విదిలిస్తే మణికట్టు తిన్నబడి రక్తం ఆడుతుంది, తిమ్మిరి తగ్గుతుంది. విదిలిస్తే తగ్గుతోంది కదా అని ఆ మనిషి మళ్లీ పడుకుంటుంది. ఇలా ఏళ్లు గడుస్తాయి.

మరి పాలు పితికేవాళ్ల గురించి ఎందుకు ప్రత్యేకంగా రాస్తున్నామో లెక్క వేసి చూడండి. ఒక్కో నొక్కుకు 10 మిల్లీలీటర్ల పాలు వచ్చాయనుకుంటే, ఆవుకు పూటకు 5 లీటర్లంటే 500 నొక్కులు. రెండు ఆవులు, రెండు పూటలు అంటే 2000. రెండు చేతులూ పంచుకున్నా ఒక్కో చేతికి రోజుకు 1000. ఆదివారం లేదు, పండగ లేదు. పైగా అదే చేత్తో కొడవలి పట్టి గడ్డి కొయ్యాలి, మోపు ఎత్తాలి, సంగటి కెలకాలి, బండ మీద బట్టలు పిండాలి. ఎక్సెల్ బండి మీద క్యాన్లు కట్టుకుని వచ్చే అన్నలకు హ్యాండిల్ అదురు దీనికి తోడు.

పని ఒక్కటే కారణమని మేము అనడం లేదు. ఆడవాళ్లలో ఇది మగవాళ్ల కంటే బాగా ఎక్కువ. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య ఎక్కువ. షుగరు, థైరాయిడ్ తగ్గడం, కీళ్లవాతం, ఊబకాయం, మణికట్టు ఎముక విరిగి వంకరగా అతుక్కోవడం, ఇవన్నీ ఆ దారిని ఇరుకు చేస్తాయి, లేదా నరాన్ని ముందే బలహీనం చేసి పెడతాయి. గర్భిణులకు చివరి నెలల్లో వచ్చే తిమ్మిరి చాలావరకు కాన్పయ్యాక దానంతట అదే తగ్గుతుంది, అంతవరకు రాత్రి పట్టీ చాలు. కాబట్టి చెయ్యి తిమ్మిరితో వచ్చిన ప్రతి ఒక్కరికీ షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. కొందరికి తమకు షుగరు ఉందని తెలిసేది అప్పుడే.

మీ కేంద్రంలో చేయగలిగిన పని ఒకటుంది. ఒక అట్ట మీద మీ చేతినే పెట్టి గీత గీయండి, అరచేతి బొమ్మ వస్తుంది. తిమ్మిరి అన్న మనిషికి పెన్ను ఇచ్చి ఎక్కడెక్కడో గీసి చూపమనండి. నోటితో అడిగితే అందరూ "చెయ్యంతా" అనే అంటారు. బొమ్మ మీద గీయమంటే అసలు సంగతి బయటపడుతుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో నడిమివేలి వైపు సగం, ఇదీ మీడియన్ నరం ఏలుబడి. చిటికెనవేలు ఇందులో లేదు. అరచేతి మధ్య చర్మానికి స్పర్శనిచ్చే కొమ్మ ఇరుకు దారిలోకి పోకుండా పైనుంచే వెళ్తుంది గనుక అరచెయ్యి తరచు బాగానే ఉంటుంది. చిటికెనవేలు తెలియడం లేదు అంటే మోచేతి దగ్గరి నరం చూడాలి. మెడ నుంచి భుజం మీదుగా గుంజుకొస్తోంది, మెడ తిప్పితే ఎక్కువవుతోంది అంటే మెడ చూడాలి. రెండు పాదాలు ముందు మొద్దుబారి తర్వాత చేతులకు వచ్చిందంటే షుగరు వల్ల కావచ్చు. చర్మం మీద పాలిపోయిన మచ్చ, దాని మీద స్పర్శ లేకపోవడం కనిపిస్తే కుష్ఠు కోసం పరీక్ష తప్పనిసరి. ఆ జబ్బుకు మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, పూర్తిగా నయమవుతుంది, దాచుకోవలసింది ఏమీ లేదు. ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యి పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా అది పక్షవాతం. బొమ్మలూ పెన్నులూ పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.

బొమ్మ తర్వాత ఒక నిమిషం పరీక్ష. మోచేతులు బల్ల మీద ఆనించి, చేతులు పైకెత్తి, మణికట్లను బలవంతం లేకుండా కిందికి వేలాడనివ్వాలి. 60 సెకన్లలోపు ఆ మూడు వేళ్లలో తిమ్మిరి పుడితే అనుమానం బలపడుతుంది. దీన్ని ఫాలెన్ పరీక్ష అంటారు. రెండోది, మణికట్టు ముడత దాటగానే అరచేతి మొదట్లో మన బొటనవేలితో 30 సెకన్లు స్థిరంగా నొక్కి పట్టడం. అప్పుడూ ఆ వేళ్లలో తిమ్మిరి పుడుతుందేమో చూడాలి. ఈ పరీక్షలు ఒక్కోసారి జబ్బు ఉన్నా లేనట్టు చూపిస్తాయి, అందుకే పరీక్ష బాగుంది కదా అని రాత్రి నిద్ర లేపే తిమ్మిరిని తోసిపుచ్చకూడదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. రెండు అరచేతులు పక్కపక్కన వెలుతురులో పెట్టించి, బొటనవేలి మొదట్లో ఉండే కండ గుబ్బను చూడండి. ఒక పక్క నిండుగా, ఒక పక్క పల్లంగా కనిపిస్తే ఆ కండను నడిపే నరం చాలాకాలంగా నలుగుతోందని గుర్తు. అరచెయ్యి పైకి పెట్టి బొటనవేలిని ఆకాశం వైపు నిలబెట్టమనండి, మీరు ఒక వేలితో మెల్లగా కిందికి తొయ్యండి. నిలవలేకపోతే బలం తగ్గినట్టే. ఇలాంటివాళ్లకు రాత్రి పట్టీ అని కాలం గడపకూడదు, ఆ వారంలోనే పెద్దాసుపత్రికి పంపాలి. రవికె హుక్కు పెట్టుకోలేకపోవడం, పైసలు ఏరుకోలేకపోవడం, చేతిలోని చెంబు జారిపోవడం, వేడి సంగటి ముద్ద తాకినా కాలినట్టు తెలియకపోవడం కూడా ఈ కోవలోవే.

ఇక వైద్యం. రాత్రి పట్టీ గురించి ఎక్కువ రాస్తాం, ఎందుకంటే ఎక్కువమందికి ఇదే మొదటి మందు, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. మందుల షాపులో దొరికే మణికట్టు స్ప్లింటులో అరచేతి వైపు ఒక అల్యూమినియం రేకు ఉంటుంది. చాలా స్ప్లింట్లలో ఆ రేకు మణికట్టును వెనక్కి ఎత్తి పట్టేలా 20, 30 డిగ్రీలు వంచి వస్తుంది. బెణుకులకు అది సరే, ఈ జబ్బుకు ఆ వంపే ఒత్తిడి పెంచుతుంది. సంచిలోంచి రేకు బయటికి లాగి, బల్ల అంచు మీద ఆనించి, తిన్నగా అయ్యేదాకా వంచి, మళ్లీ దూర్చాలి. కట్టుకున్నాక ముంజెయ్యి, మణికట్టు, అరచెయ్యి ఒకే వరుసలో ఉండాలి. స్ప్లింటు అరచేతి మధ్య ముడత దగ్గర ఆగిపోవాలి, వేళ్లన్నీ మొదళ్ల దాకా ముడవగలగాలి. పట్టీ కింద ఒక వేలు దూరేంత వదులు ఉండాలి. పెద్ద చేతికి చిన్న సైజు కొంటే కట్టే ఉచ్చవుతుంది.

పడుకునే ముందు కట్టుకుని పొద్దున లేచాక విప్పాలి. పితికేటప్పుడు వద్దు. తడిస్తే చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది, పైగా స్ప్లింటుతో పితికితే భుజం, మోచెయ్యి పాడవుతాయి. నాలుగు రాత్రులు కట్టి "ఏం తగ్గలేదు" అని దూలానికి తగిలించేవాళ్లే ఎక్కువ. కనీసం ఆరు వారాలు, ఒక్క రాత్రి వదలకుండా కట్టాలి. మొదట తగ్గేది రాత్రి మెలకువ. వేళ్ల చివర మొద్దుదనం ఆ తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. ఆరు వారాలకు కూడా రాత్రి నిద్ర పట్టకపోతే తర్వాతి మెట్టు ఎక్కాలి.

ఆ తర్వాతి మెట్టు స్టెరాయిడ్ ఇంజెక్షన్. మణికట్టు ముడత దగ్గర, నరానికి పక్కగా, ఇరుకు దారిలోకి మందు పంపుతారు, సాధారణంగా మిథైల్ ప్రెడ్నిసలోన్ 40 మిల్లీగ్రాములు. చెయ్యి తిరిగిన డాక్టరే వేయాలి. సూది దిగేటప్పుడు వేళ్లలోకి కరెంటు కొట్టినట్టు అనిపిస్తే ఓర్చుకోకుండా వెంటనే చెప్పాలి, సూది నరాన్ని తాకిందన్నమాట, వెనక్కి తీయాలి. షుగరు ఉన్నవాళ్లకు కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, ముందే చెప్పి ఉంచాలి. వారాలు, నెలల పాటు హాయి ఉంటుంది, చాలామందికి మళ్లీ తిరగబెడుతుంది. మళ్లీ మళ్లీ ఇంజెక్షన్లతో నెట్టుకురావడం మాకు ఇష్టం లేదు, లోపల నరం నలుగుతూనే ఉంటుంది.

పనికిరానివి కూడా చెప్పాలి. "నరాల బలహీనత" అని వారానికొకసారి వేసే బలం సూదులు ఇరుకు దారిని వెడల్పు చేయలేవు. బి6 విటమిన్ ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే దానివల్లే నరాలు మొద్దుబారతాయి. నొప్పి మాత్రలు రోజూ మింగితే కడుపు, కిడ్నీ పాడవుతాయే గాని నరానికి ఊరట లేదు. మన పుత్తూరు కట్టు పేరు రాష్ట్రాలు దాటింది, కాని అది ఎముక విరిగినప్పటి మాట. ఇక్కడ విరిగింది ఏమీ లేదు, మణికట్టును బిగించి కట్టే ఏ కట్టైనా నరం మీద భారం పెంచుతుంది. గట్టి మాలిష్ కూడా అంతే.

ఆపరేషన్‌కు ముందు నరాల ప్రసరణ పరీక్ష చేస్తారు. చిన్న కరెంటుతో నరాన్ని తట్టి, కబురు ఎంత వేగంగా నడుస్తోందో కొలుస్తారు. చెయ్యి చల్లగా ఉంటే నరం నెమ్మదిస్తుంది, జబ్బు లేకున్నా ఉన్నట్టు చూపిస్తుంది. ఏసీ గదిలో గంటసేపు కూర్చుని లోపలికి పోయేవాళ్లు చేతులు వెచ్చబెట్టుకుని పోవాలి. తొలిదశలో పరీక్ష మామూలుగానే రావచ్చు, దాంతో జబ్బు లేదని తేలదు.

ఆపరేషన్ అంటే భయపడేవాళ్లకు మీరు ధైర్యం చెప్పగలగాలి. మత్తు చేతికి మాత్రమే. అరచేతి మొదట్లో రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల గాటు పెట్టి, మూతలా ఉన్న ఆ లిగమెంటును కోసి వదులు చేస్తారు, ఇరవై నిమిషాల పని. చాలామంది ఆ రోజే ఇంటికి పోవచ్చు. రాత్రి తిమ్మిరి చాలామందికి మొదటి వారంలోనే పోతుంది. వేళ్ల స్పర్శకు నెలలు పట్టవచ్చు. ఎండిపోయిన గుబ్బ మళ్లీ నిండుతుందని ఏ డాక్టరూ మాట ఇవ్వలేడు. అందుకే ఇంత పట్టుబట్టి రాస్తున్నాం.

ఆపరేషన్ తర్వాత మొదటి రెండు మూడు రోజులు చెయ్యి గుండె కంటే ఎత్తులో పెట్టుకోవాలి, వేళ్లు మాత్రం అదే రోజు నుంచి ముడుస్తూ చాస్తూ ఉండాలి. కుట్లు విప్పేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, ఆ చెయ్యి పేడకూ కుడితికీ తగలకూడదు. పాలు పితకడం సుమారు ఆరు వారాల తర్వాతే. అరచేతి అంచుల్లో నొప్పి మూడు నెలల దాకా ఉండవచ్చు, పట్టు బలం కూడా అప్పటికి గాని పూర్తిగా కుదురుకోదు. చీము పట్టినా, జ్వరం వచ్చినా, నొప్పి రోజురోజుకూ పెరిగినా, వేళ్లు ముడుచుకోకపోయినా వెంటనే చూపించాలి. ఎవరు పితుకుతారు అన్నదే ఇంటి అసలు సమస్య. ఒక్క ఆవు ఉన్న ఇంట్లో దానికి జవాబు ఆవు దగ్గరే ఉంది. ఈనే ముందు రెండు నెలలు ఎలాగూ వట్టిపోతుంది, ఆ కాలానికి ఆపరేషన్ కుదుర్చుకోవచ్చు. గుబ్బ కరగడం మొదలైనవాళ్లు మాత్రం ఆ లెక్క కోసం ఆగకూడదు. రెండు చేతులకూ జబ్బు ఉంటే ఎక్కువ బాధపెట్టే చెయ్యి ముందు.

పితికే తీరులో మార్పు చెప్పగలిగేది మాకంటే మీరే. బొటనవేలు మడిచి, ఆ కణుపుతో చన్నును నొక్కి పితికేవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఆవు చన్నుకూ చెడు, బొటనవేలి కీలుకూ చెడు. చన్నును అరచేతిలోకి తీసుకుని, పైనుంచి ఒక్కో వేలూ వరుసగా మూసే పిడికిలి పద్ధతిలో బలం వేళ్లన్నిటికీ పంచుకుంటుంది. రెండు వేళ్ల మధ్య పట్టి కిందికి లాగడం చివరి పాలకే. పొదుగు గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, ఒక నిమిషం ఆగితే ఆవు చేపుతుంది. చేపిన పాలు తక్కువ బలానికే దిగుతాయి. ఆ చేపు ఐదు నుంచి ఏడు నిమిషాలే ఉంటుంది కాబట్టి మధ్యలో లేచిపోకూడదు. చేపకముందే పిండితే ప్రతి నొక్కుకూ ఎక్కువ బలం కావాలి. దీనికి అడ్డదారిగా ఆక్సిటోసిన్ సూది మాట ఎవరూ ఎత్తకుండా మీరు చూడాలి. గొంతుక్కూర్చుని పితికితే చన్నులు మోచేతి కంటే పైన పడతాయి, మణికట్టు వంగక తప్పదు. ముంజెయ్యి, మణికట్టు ఒకే గీతలో ఉండేంత ఎత్తు పీట వేయించండి. ఆవుకూ ఆవుకూ మధ్య చేతులు చాచి రెండు నిమిషాలు ఆగాలి.

పితికే యంత్రాన్ని ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి కొనుక్కోవచ్చు. ఒక ఇంటి ఆవు నుంచి ఇంకో ఇంటి ఆవుకు పొదుగువాపు అంటకుండా ప్రతిసారీ కప్పులు, గొట్టాలు కడగాలి, వ్యాక్యూమ్ కంపెనీ చెప్పిన కొలత దాటకూడదు. ఇవి మీ సూపర్‌వైజర్లకు మాకంటే బాగా తెలుసు. ఆవులకు గాలికుంటు టీకాలు వేసే రోజున ఊరంతా ఒకచోట చేరుతుంది. ఆ రోజే అరచేతుల పరీక్ష కూడా పెట్టండి, మండలంలోని ఫిజియోథెరపిస్టును పిలవండి, పిలిస్తే మాలో వీలైనవాళ్లం వస్తాం. కేంద్రంలో చిన్న, మధ్య, పెద్ద సైజుల స్ప్లింట్లు ఒక్కో జత ఉంచండి. కొనే ముందు కట్టి చూసుకోవడానికి, రేకు తిన్నగా వంచి చూపించడానికి. క్యాను పిడి సన్నని కమ్మీ అయితే పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టించండి, అరచెయ్యి నొక్కుకుపోదు.

అనుమానం ఉన్నవాళ్లను ఊరికే పంపకుండా ఒక చీటీ రాసి ఇవ్వండి. ఏ చెయ్యి, ఏ వేళ్లు, ఎన్ని నెలల నుంచి, వారంలో ఎన్ని రాత్రులు నిద్ర లేస్తోంది, గుబ్బ పల్లమైందా లేదా, షుగరు, థైరాయిడ్ ఉన్నాయా, పట్టీ ఎన్ని వారాలు కట్టింది, ఇంట్లో ఎన్ని ఆవులు, పితికే మనిషి ఇంకెవరైనా ఉన్నారా. గీసిన చేతి బొమ్మ దానికి జత చేయండి. తిరుపతిలో రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి, ఎక్కడికి పోయినా ముందు ఎముకల విభాగంలో ఆ చీటీ చూపించమనండి. గుబ్బ కరిగిన వాళ్ల చీటీ మీద పైన ఎర్ర ఇంకుతో ఒక గీత గీయండి. అది చూస్తే వాళ్లను ముందు పిలవాలని మాకు తెలుస్తుంది.

ఇట్లు,
తిరుపతిలో ఎముకలు, నరాలు, ఫిజియోథెరపీ విభాగాల్లో పనిచేసే కొందరం